జేపెగ్, జేపీజీ, రా, ఎగ్జిఫ్: ఫొటో ఫైళ్ల పేర్లు తెలుగులో ఎలా రాయాలి

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో పెళ్లి ఆల్బమ్ ప్రింటుకు ఇచ్చేటప్పుడు ఆర్డరు కాగితం మీద ఇలాంటి వరుస ఒకటి కనిపిస్తుంది: ‘12×36, 300 డీపీఐ, ఎస్ఆర్‌జీబీ, జేపెగ్ మాత్రమే, రా వద్దు’. చదివితే ఆ మాటలన్నీ ఒకే జాతివి అనిపిస్తుంది. కానీ కాదు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే కొలత, ఇంగ్లిషులో దాన్ని చిన్న అక్షరాల్లో రాస్తారు. ఎస్ఆర్‌జీబీ ఒక రంగుల పరిధి, అందులో మొదటి ఎస్ చిన్నది, మిగతా మూడూ పెద్దవి. జేపెగ్ ఒక నిపుణుల కమిటీ పేరు, అన్నీ పెద్ద అక్షరాలే. రా మాత్రం అసలు పొడి అక్షరాల పేరే కాదు. ‘పచ్చి’, ‘ముడి’ అనే అర్థమున్న మామూలు ఇంగ్లిషు మాట అది.

తెలుగు లిపిలో పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు అనే తేడా లేదు. ఇంగ్లిషులో అక్షరం సైజు చెప్పే సమాచారం తెలుగులోకి వచ్చేసరికి జారిపోతుంది. దానికి బదులు తెలుగు చేతిలో మరో పనిముట్టు ఉంది. ఒక పేరును పొడి అక్షరాలుగా విడదీసి రాయవచ్చు, మాటగా కలిపి పలికించవచ్చు. ‘పీఎన్‌జీ’ అన్నప్పుడు మొదటి పని, ‘టిఫ్’ అన్నప్పుడు రెండో పని జరుగుతుంది. ఈ ఎంపిక రాసేవారి ఇష్టానికి వదిలేసింది కాదు. ఆ పేరు ఎలా పుట్టిందో, వాడేవారి నోట్లో ఎలా నలుగుతుందో చూసి చేయాల్సింది. ఇక అక్షరం సైజు మారితే అసలు సంగతే మారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ మాటల్లో విప్పి చెప్పడమే తెలుగుకున్న దారి.

జేపెగ్ వేరు, జేపీజీ వేరు

ఎక్కువ గందరగోళం ఇక్కడే. 1986లో ఏర్పడిన జాయింట్ ఫొటోగ్రాఫిక్ ఎక్స్‌పర్ట్స్ గ్రూప్ అనే కమిటీ ఫొటోలను కుదించే పద్ధతిని తయారు చేసింది. 1992లో అది ప్రమాణంగా వెలువడింది. కమిటీ పేరులోని నాలుగు పొడి అక్షరాలే ఆ పద్ధతికీ పేరయ్యాయి. పలికేటప్పుడు మొదటి అక్షరాన్ని విడిగా, మిగతా మూడింటిని కలిపి ‘జేపెగ్’ అంటారు. కాబట్టి ఫార్మాట్ గురించి మాట్లాడేటప్పుడు తెలుగులో జేపెగ్ అని రాయడమే సరైనది.

మరి జేపీజీ ఎక్కడిది? అది ఫైలు పేరు చివర, చుక్క తర్వాత వచ్చే తోక. పాత ఎంఎస్-డాస్ కంప్యూటర్లలో ఫైలు పేరుకు 8 అక్షరాలు, తోకకు 3 అక్షరాలు మాత్రమే చోటుండేది. నాలుగక్షరాల పేరు అందులో పట్టదు కనుక మధ్యలోని ‘ఈ’ని తీసేశారు. ఆ పరిమితి పోయి ఏళ్లు గడిచినా తోక అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు జేపీజీ, జేపీఈజీ రెండు తోకలూ నడుస్తున్నాయి. లోపల ఉన్న ఫొటో మాత్రం ఒకే రకం. తోక గురించి చెప్పేటప్పుడు ‘చుక్క జేపీజీ’ అనో ‘జేపీజీ తోక’ అనో రాస్తే ఫార్మాట్ పేరుతో కలిసిపోదు.

ఈ తేడా పండితుల పట్టింపులా కనిపించవచ్చు. ఉద్యోగ దరఖాస్తు నింపడానికి నెట్ సెంటర్‌లో కూర్చున్న అభ్యర్థికి మాత్రం ఇది పని ఆగిపోయే సంగతి. దరఖాస్తు పేజీ ‘జేపీజీ మాత్రమే’ అంటుంది. చేతిలో ఉన్న ఫైలు తోక జేపీఈజీ. పేజీ తిప్పి కొడుతుంది. ఇక్కడ ఫొటోను మళ్లీ మార్చాల్సిన అవసరమే లేదు. ఫైలు పేరులో ఆ ఒక్క ‘ఈ’ని తీసేస్తే చాలు, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. తిరిగి సేవ్ చేస్తేనే నష్టం, ఎందుకంటే జేపెగ్ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరాన్ని పారేస్తుంది.

దీనికి పూర్తిగా తిరగబడిన సందర్భం ఐఫోన్ ఫొటోలది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫొటోలను హెచ్ఈఐసీ తోకతో దాచుకుంటున్నాయి. ఆ తోకను చేత్తో జేపీజీగా మార్చినంత మాత్రాన ఫొటో జేపెగ్ అయిపోదు. డబ్బా మీద చీటీ మార్చితే లోపలి పప్పు మారనట్టే. దరఖాస్తు పేజీ తోక చూసి లోపలికి రానిచ్చినా, తర్వాత ఫొటో తెరుచుకోకపోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఇకపై తీసే ఫొటోలు జేపెగ్‌లోనే వస్తాయి. అప్పటికే తీసిన వాటిని మాత్రం ఏదైనా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాల్సిందే.

తోక నిజం చెబుతోందో లేదో అనుమానం వస్తే తేల్చుకునే సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఫైలు కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూడాలి. మొదటి కొన్ని పిచ్చి గుర్తుల వెంటనే జేఎఫ్ఐఎఫ్ అనో ఎగ్జిఫ్ అనో ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తే అది జేపెగ్. మొదట్లోనే పీఎన్‌జీ అనే మూడు అక్షరాలుంటే అదే. రెండు ‘ఐ’లు గానీ రెండు ‘ఎం’లు గానీ మొదట ఉంటే చాలావరకు టిఫ్, లేదా టిఫ్ పునాది మీద కట్టిన రా ఫైలు. అయిదో బైటు నుంచి ఎఫ్‌టీవైపీ అని ఉండి ఆ వెంటనే హెచ్ఈఐసీ కనిపిస్తే తోక ఏం చెప్పినా అది హెచ్ఈఐసీ ఫొటోనే. చూశాక సేవ్ చేయకుండా మూసేయాలి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఆ కాపీ చెడిపోతుంది.

విండోస్ మామూలుగా తోకలను దాచి చూపిస్తుంది. అందుకే ‘ఫొటో’ అని కనిపించే ఫైలుకు మళ్లీ తోక తగిలించి, లోపల రెండు తోకలున్న ఫైలు పంపేవారు చాలామంది. విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే వరుసలో టిక్ పెడితే తోకలు బయటపడతాయి. ఫొటోలతో పనిచేసే ఏ కంప్యూటర్‌లోనైనా మొదట చేయాల్సిన పని ఇదే.

హెచ్ఈఐసీ, హెచ్ఈఐఎఫ్ అనే రెండింటిలో ఏది రాయాలన్నది మరో ప్రశ్న. హెచ్ఈఐఎఫ్ అనేది 2015లో ఎంపెగ్ కమిటీ రూపొందించిన పెట్టె. అందులోని చిత్రాన్ని హెచ్ఈవీసీ పద్ధతిలో కుదిస్తే ఆ ఫైలు హెచ్ఈఐసీ. క్యానన్, సోనీ కెమెరాలు ఇదే రకం ఫైలుకు హెచ్ఐఎఫ్ అనే మూడక్షరాల తోక పెడతాయి. వీటిని మాటగా కలిపి పలికితే ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతారు, హీఫ్, హీక్, హైక్ అని. నలుగురి నోట్లో ఇంకా స్థిరపడని పేరును పొడి అక్షరాలుగానే ఉంచడం మేలు.

లిపి తప్పించుకోనివ్వని ఉచ్చారణ

ఇంగ్లిషులో రాసేవారికి ఒక వెసులుబాటు ఉంది. మూడు పెద్ద అక్షరాలు పక్కపక్కన పెట్టేస్తే ఎలా పలకాలో పాఠకుడే చూసుకుంటాడు. తెలుగులో ఎలా రాస్తే అలాగే పలుకుతాం, కనుక రాసేటప్పుడే తేల్చుకోక తప్పదు. 1987లో కంప్యూసర్వ్ సంస్థ తెచ్చిన కదిలే బొమ్మల ఫార్మాట్ దీనికి మంచి ఉదాహరణ. దాన్ని తయారు చేసిన స్టీవ్ విల్‌హైట్ ‘జిఫ్’ అనే పలకాలన్నారు. లోకంలో సగం మంది ‘గిఫ్’ అంటూనే ఉన్నారు. తెలుగులో జిఫ్ అన్నా గిఫ్ అన్నా ఒక పక్షాన చేరినట్టే. రెండూ కాదనుకుంటే జీఐఎఫ్ అని విడదీయాలి. వాట్సాప్ పుణ్యమా అని ఇక్కడి వాడుకలో గిఫ్ బాగా పాకింది. ఒక వ్యాసంలో గిఫ్ అని మొదలుపెడితే చివరిదాకా గిఫ్ అనే రాయడం ముఖ్యం.

ఆ ఫార్మాట్‌లో వాడిన కుదింపు పద్ధతి మీద పేటెంట్ గొడవ రావడంతో ప్రత్యామ్నాయంగా పుట్టింది పీఎన్‌జీ. 1996లో అది వెబ్ ప్రమాణమైంది. దాన్ని ‘పింగ్’ అని పలకాలని ప్రమాణ పత్రమే చెబుతుంది. అయినా స్టూడియోల్లో పింగ్ అంటే ఎవరికీ అర్థం కాదు. అందరి నోటా వినిపించేది పీఎన్‌జీ, రాయాల్సిందీ అదే. వాడుక బలంగా స్థిరపడ్డ చోట పత్రం మాట పక్కన పెట్టడం తప్పు కాదు. పీఎన్‌జీలో సీఎంవైకే అనే, ప్రెస్సులో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి లేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఆఫ్‌సెట్ ప్రెస్సుకు శుభలేఖ పంపేటప్పుడు పీఎన్‌జీ ఇస్తే అక్కడ రంగులు మార్చక తప్పదు.

టిఫ్ విషయంలో ఇబ్బంది తక్కువ. ఆల్డస్ కంపెనీ 1986లో తెచ్చిన ట్యాగ్డ్ ఇమేజ్ ఫైల్ ఫార్మాట్ అది. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది. తోక మూడక్షరాలైనా నాలుగక్షరాలైనా ఒకటే, చివర ఒక ‘ఎఫ్’ ఎక్కువ తక్కువ అంతే. ‘టిఫ్ ఫార్మాట్’ అంటే ఫార్మాట్ అనే మాట రెండుసార్లు వచ్చినట్టే, కానీ ‘ఏటీఎం మిషన్’ అనడానికి అలవాటు పడ్డ భాషకు అది తప్పు కాదు.

గూగుల్ 2010లో ప్రకటించిన వెబ్‌పీ పేరులో ఇంగ్లిషు రాతలో మొదటి, చివరి అక్షరాలు మాత్రమే పెద్దవి. తెలుగులో వెబ్‌పీ అని కలిపి రాస్తే ఆ రూపం దానంతటదే నిలబడుతుంది. వెబ్‌సైట్ల నుంచి దించుకున్న దేవుడి బొమ్మలు, బోర్డర్లు చాలావరకు ఈ ఫార్మాట్‌లోనే వస్తున్నాయి. పాత ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాటిని తెరవదు, ముందుగా పీఎన్‌జీగా మార్చుకోవాలి. జేపెగ్ 2000, జేపెగ్ ఎక్స్‌ఎల్ అనే పేర్లలో మధ్య ఖాళీ తప్పనిసరి. అవి జేపెగ్‌కు కొత్త వెర్షన్లు కావు, అదే కమిటీ నుంచి వచ్చిన వేరే ఫార్మాట్లు. జేపెగ్ తెరిచే ప్రతి సాఫ్ట్‌వేర్ వాటిని తెరుస్తుందనుకుంటే పొరపాటు.

‘రా’ అనే చిక్కు

కెమెరా సెన్సర్ పట్టుకున్న సమాచారాన్ని వండకుండా అలాగే దాచిన ఫైలు ఇది. పక్కన ఉన్న జేపెగ్, టిఫ్ అన్నీ పెద్ద అక్షరాల్లో ఉండటంతో కెమెరా మెనూల్లో దీన్నీ పెద్ద అక్షరాల్లోనే వేస్తారు. అది చూసి దీనికీ ఏదో పూర్తి పేరు ఉందనుకుని వెతికేవారున్నారు. లేదు. కాబట్టి తెలుగులో ‘ఆర్ఏడబ్ల్యూ’ అని విడదీయడం పొరపాటే.

సరే, ‘రా’ అని రాశాం. తెలుగు పాఠకుడి కన్ను దాన్ని ముందు ‘ఇటు రా’ లోని రా గానే చదువుతుంది. ‘రా రాలేదు’, ‘ఫొటో పంపి రా తీసుకో’ లాంటి వాక్యాలు ఒకసారికి అర్థం కావు. విరుగుడు తేలిక. ఈ మాటను ఒంటరిగా వదలకూడదు, ప్రతిసారీ పక్కన ఫైలు అనే మాట ఉండాలి. ‘రా ఫైళ్లు రాలేదు’ అంటే చిక్కు విడిపోతుంది. ‘ముడి ఫైలు’ అన్నా బాగుంటుంది. ముడి చమురు, ముడి సరుకు అనే వాడుక తెలుగులో ఎప్పటి నుంచో ఉంది, పక్కన ఫైలు అని ఉంటే తాడు ముడితో ఎవరూ పొరబడరు. ఫొటోగ్రాఫర్ల కోసం రాసేటప్పుడు రా ఫైలు, మామూలు పాఠకుల కోసం రాసేటప్పుడు ముడి ఫైలు అనడం మంచి పద్ధతి.

అసలు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. రా అనేది ఒక్క ఫార్మాట్ పేరు కాదు, ఒక జాతి పేరు. నికాన్ కెమెరాలో అది ఎన్‌ఈఎఫ్, సోనీలో ఏఆర్‌డబ్ల్యూ, ఫ్యూజీలో ఆర్ఏఎఫ్, ప్యానసోనిక్‌లో ఆర్‌డబ్ల్యూ2. క్యానన్‌లో 2004 నుంచి సీఆర్2, 2018 నుంచి సీఆర్3. ‘రా ఫైళ్లు పంపండి’ అని మాత్రమే రాస్తే అవతలి ఎడిటర్ కంప్యూటర్‌లో అవి తెరుచుకుంటాయో లేదో తేలదు. 2018కి ముందే అప్‌డేట్లు ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ సీఆర్2ని తెరుస్తుంది, సీఆర్3ని తెరవదు. ఒక్క అంకె తేడాతో పెళ్లి ఎడిటింగ్ మొత్తం ఆగిపోతుంది. అలాంటప్పుడు అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో వాటిని డీఎన్‌జీగా మార్చి పాత సాఫ్ట్‌వేర్‌లో తెరవవచ్చు. డీఎన్‌జీ అంటే డిజిటల్ నెగటివ్, 2004లో అడోబీ దాని వివరాలను అందరికీ బహిరంగంగా ఇచ్చింది. ఐఫోన్‌లోని ప్రోరా ఫొటోలు కూడా డీఎన్‌జీ తోకతోనే వస్తాయి.

కొన్ని క్యానన్ కెమెరాల మెనూలో రా ముందు చిన్న ‘ఎస్’, చిన్న ‘ఎం’ ఉన్న రెండు ఎంపికలుంటాయి. అవి తక్కువ పిక్సెళ్లున్న చిన్న, మధ్యస్థ సైజు ఫైళ్లు. ‘ఎస్‌రా’ అని రాస్తే ఏ పాఠకుడికీ బోధపడదు. ‘చిన్న సైజు రా ఫైలు’ అని విప్పి రాయాలి. కెమెరా అద్దెకిచ్చేవారు ఈ సెట్టింగ్ చూడకుండా ఇస్తే, పెద్ద ఆల్బమ్ షీటుకు సరిపోని ఫొటోలతో ఇంటికి తిరిగి రావాల్సి వస్తుంది.

పెద్ద అక్షరాలు కెమెరాకు ఎందుకంత ఇష్టం

కెమెరా కార్డు తెరిస్తే ఫోల్డర్ పేరు, ఫైలు పేరు, తోక అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. దీనికి కారణం జపాన్ తయారీదారులు 1998లో కలిసి పెట్టుకున్న డీసీఎఫ్ అనే నియమం. దాని ప్రకారం ఫొటోలు డీసీఐఎం అనే ఫోల్డర్‌లో ఉండాలి. లోపలి ఫోల్డర్లు 100 నుంచి 999 వరకు అంకెలతో మొదలవ్వాలి. ఫైలు పేరుకు 4 అక్షరాలు, వెనక 0001 నుంచి 9999 వరకు 4 అంకెలు. అక్షరాలన్నీ పెద్దవే, వాటితో పాటు అంకెలు, కింది గీత మాత్రమే వాడాలి. ఒక కంపెనీ కార్డును మరో కంపెనీ కెమెరా చదవగలగడానికి పెట్టుకున్న కట్టు ఇది.

ఈ కట్టులో ఒక చిన్న గుర్తు ప్రింటింగ్ ల్యాబ్‌కు బాగా పనికొస్తుంది. కెమెరాను అడోబీ ఆర్‌జీబీ అనే మరో రంగుల పరిధిలో పెట్టి తీస్తే ఫైలు పేరు కింది గీతతో మొదలవుతుంది. ఎస్ఆర్‌జీబీలో తీస్తే అక్షరంతో మొదలవుతుంది. నికాన్ ఫైళ్లలో డీఎస్సీ తర్వాత ఉండే గీత ముందుకు జరుగుతుంది, క్యానన్ ఫైళ్లలో మొదటి ‘ఐ’ స్థానంలోకి గీత వస్తుంది. ఫైలు తెరవకముందే ఈ తేడా కనిపిస్తుంది. అడోబీ ఆర్‌జీబీ ఫొటోను ఎస్ఆర్‌జీబీ అనుకుని ప్రింటు వేస్తే పట్టుచీర ఎరుపు, కుంకుమ, బతుకమ్మ మీది తంగేడు పసుపు అన్నీ వెలిసినట్టు వస్తాయి. మిషన్‌ను తప్పుపట్టే ముందు ఫైలు పేరులో మొదటి గుర్తు చూడటం మంచిది. ఎస్ఆర్‌జీబీలోని చిన్న ఎస్‌కు అర్థం ‘స్టాండర్డ్’. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి దాన్ని ప్రతిపాదించాయి. తెలుగులో ఆ ఎస్‌ను వదిలేసి ‘ఆర్‌జీబీ’ అని మాత్రం రాస్తే రెండు రంగుల పరిధులకూ ఒకే పేరు పెట్టినట్టవుతుంది.

కెమెరా పెద్ద అక్షరాల తోక పెడుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎక్కువగా చిన్న అక్షరాల తోక పెడతాయి. విండోస్‌కు రెండూ ఒకటే. వెబ్‌సైట్లు నడిచే సర్వర్లు ఎక్కువ భాగం లైనక్స్ మీద ఉంటాయి, అక్కడ పెద్ద అక్షరాల తోక, చిన్న అక్షరాల తోక రెండు వేర్వేరు ఫైళ్లు. రామప్ప గుడి ఫొటోలతో పేజీ తయారు చేసి, స్టూడియో కంప్యూటర్‌లో చూస్తే అన్నీ కనిపిస్తాయి. సర్వర్‌లోకి ఎక్కించాక సగం ఫొటోల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తాయి. పేజీ కోడ్‌లో తోక చిన్న అక్షరాల్లో ఉంది, ఫైలుకు పెద్ద అక్షరాల్లో ఉంది, అంతే కారణం. తెలుగులో ఆ రెండు తోకలనూ ‘జేపీజీ’ అనే రాస్తాం కనుక ఈ తప్పును తెలుగు లిపిలో చూపించడం కూడా సాధ్యం కాదు. సూచనలు రాసేవారు ‘తోక చిన్న అక్షరాల్లో ఉండాలి’ అనే వాక్యాన్ని విడిగా చేర్చాలి.

ఇంటర్నెట్‌లోకి వెళ్లే ప్రతి ఫైలుకు పేరు, తోక రెండూ చిన్న అక్షరాల్లో పెట్టి, ఖాళీల బదులు అడ్డగీత వాడితే ఈ బెడద ఉండదు. వందల ఫైళ్లుంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్‌కు వెళ్లి రెన్ ఆదేశం వాడవచ్చు. రెన్ తర్వాత నక్షత్రం గుర్తు, చుక్క, పెద్ద అక్షరాల తోక, ఒక ఖాళీ వదిలి మళ్లీ నక్షత్రం, చుక్క, చిన్న అక్షరాల తోక టైపు చేస్తే తోకలన్నీ ఒకేసారి మారతాయి. ముందు కాపీ మీద ప్రయత్నించడం క్షేమం. కెమెరా కార్డు మీద మాత్రం పేర్లు మార్చకూడదు. డీసీఎఫ్ కట్టు తప్పిన ఫైలును కెమెరా తన తెర మీద చూపించకపోవచ్చు.

మేడారం జాతర లాంటి చోట నాలుగు రోజులు తీస్తే అంకె 9999 దాటి మళ్లీ 0001కి వస్తుంది. ఒకే కంపెనీ కెమెరాలు రెండు ఉంటే ఒకే పేరున్న ఫైళ్లు తప్పవు. అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పోసి ‘రీప్లేస్’ నొక్కితే ఒక కెమెరా ఫొటోలు పోయినట్టే. కార్డుకో ఫోల్డర్ పెట్టుకుని, తర్వాతే పేర్లు మార్చాలి.

కొలతల్లో ఒక్క అక్షరం ఖరీదు

ఇంగ్లిషులో చివరి అక్షరం పెద్దదైతే మెగాబైట్, చిన్నదైతే మెగాబిట్. తెలుగులో రెండూ ‘ఎంబీ’ అయిపోతాయి. ఒక బైటుకు 8 బిట్లు, అంటే ఎనిమిది రెట్ల తేడా. పెళ్లి ఫొటోలు, వీడియోలు కలిపి 64 జీబీ కార్డు నిండిందనుకుందాం. సెకనుకు 100 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం ఉన్న కనెక్షన్ నుంచి హైదరాబాద్ ఎడిటర్‌కు పంపాలంటే, వేగం ఎక్కడా తగ్గకపోయినా 85 నిమిషాలు పడుతుంది. దాన్ని మెగాబైట్లనుకున్న వ్యక్తి 11 నిమిషాల్లో అయిపోతుందని మాటిస్తాడు. ఇంటర్నెట్ ప్లాన్లు మెగాబిట్లలో, మెమరీ కార్డుల వేగం మెగాబైట్లలో చెబుతారు. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదని. కాబట్టి వేగం గురించి రాసేటప్పుడు పొడి అక్షరాలు వద్దు, మెగాబైట్, మెగాబిట్ అని పూర్తిగా రాయాలి. ఫైలు సైజు చెప్పేటప్పుడు ఎంబీ అంటే ఎవరూ పొరబడరు.

కేబీ విషయంలో తేడా చిన్నది, కానీ దరఖాస్తుల దగ్గర తగులుకుంటుంది. కొందరు 1000 బైట్లను, కొందరు 1024 బైట్లను కేబీ అంటారు. పరిమితి 50 కేబీ అంటే అది 50,000 బైట్లో 51,200 బైట్లో పేజీ చెప్పదు. ఫైలును 50,000 బైట్ల లోపు ఉంచితే ఏ లెక్కలోనైనా సరిపోతుంది.

ఇక 300 డీపీఐ. ఆ మాట ఒక్కటే ఏమీ చెప్పదు. 12×36 అంగుళాల షీటు కావాలంటే ఫైలు 3600×10800 పిక్సెళ్లు ఉండాలి, అదే 300 డీపీఐ అర్థం. 1200 పిక్సెళ్ల వాట్సాప్ ఫొటోలో డీపీఐ గడిలో 300 అని టైపు చేసినంత మాత్రాన పిక్సెళ్లు పుట్టుకురావు. ఆర్డరు కాగితంలో డీపీఐతో పాటు పిక్సెళ్ల లెక్క కూడా రాస్తే వాదనే ఉండదు.

ఎగ్జిఫ్‌లో తెలుగు, ఫైలు పేరులో తెలుగు

ఫొటోలోనే దాగి ఉండే తేదీ, లెన్సు, షట్టర్ వివరాల పట్టీ పేరు ఎగ్జిఫ్. 1995లో జపాన్‌లో పుట్టింది. ఇంగ్లిషులో చాలామంది నాలుగూ పెద్ద అక్షరాల్లో రాస్తారు గానీ, ప్రమాణ పత్రంలో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. తెలుగులో ‘ఈఎక్స్ఐఎఫ్’ అని విడదీయక్కర్లేదు, ఎగ్జిఫ్ చాలు.

ఫొటోగ్రాఫర్ పేరు, హక్కుల గడుల్లో తెలుగు రాయవచ్చా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. పాత ఎగ్జిఫ్ ప్రమాణం ఆ గడుల్లో ఆస్కీ అక్షరాలనే ఒప్పుకుంటుంది, అందులో తెలుగుకు చోటు లేదు. బలవంతంగా ఎక్కిస్తే వేరే సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నార్థకాలుగానో పిచ్చి గుర్తులుగానో కనిపిస్తుంది. 2023లో వచ్చిన ఎగ్జిఫ్ 3.0 అన్ని లిపులకూ చోటున్న యూటీఎఫ్-8ను అనుమతించింది. అంటే తెలుగుకు దారి తెరుచుకుంది. కానీ పాత కెమెరాలు, పాత సాఫ్ట్‌వేర్‌లు ఇంకా మొదటి పద్ధతిలోనే ఉన్నాయి. ప్రస్తుతానికి కెమెరా మెనూలోని హక్కుల గడిలో ఇంగ్లిషు అక్షరాలే పెట్టి, తెలుగు వ్యాఖ్యను ఎక్స్‌ఎంపీ అనే మరో వివరాల పట్టీ గడుల్లో రాయడం మేలు. ఎక్స్‌ఎంపీ మొదటి నుంచీ యూనికోడ్‌నే వాడుతుంది. ఆల్బమ్ డిజైన్‌లో వాడే పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేసినదాన్ని మాత్రం అక్కడ అతికించకూడదు. అవి యూనికోడ్ కావు, ఫాంటు లేని చోట ఇంగ్లిషు గుర్తుల గుట్టగా మిగులుతాయి.

ఫైలు పేరునే తెలుగులో పెట్టుకోవచ్చు, కానీ ఒక లెక్క తెలిసి ఉండాలి. లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. ‘రామప్ప’ కంటికి మూడు అక్షరాలే. కంప్యూటర్ లెక్కలో ర, దీర్ఘం, మ, ప, పొల్లు, మళ్లీ ప కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు. ‘సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర’ అంటూ వాక్యాలు వాక్యాలుగా పేర్లు పెడితే 85 సంకేతాల దగ్గర ఆగిపోతుంది.

డీఎన్‌జీ, పీఎన్‌జీ లాంటి మాటల్లో కంటికి కనిపించని మరో సంకేతం ఉంటుంది. పొల్లు తర్వాత దాన్ని పెట్టకపోతే ‘న్’ కింద జకారం వత్తుగా చేరి ‘డీఎన్జీ’ అవుతుంది. చదవడానికి రెండూ నడుస్తాయి. వెతికేటప్పుడు మాత్రం కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు, ఒకటి టైపు చేస్తే రెండోది దొరకకపోవచ్చు. ఫోన్ కీబోర్డుల్లో కొన్ని ఆ సంకేతాన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. వ్యాసాల్లో, పుస్తకాల్లో విడదీసిన రూపమే అందం. ఫైలు పేర్లలో, వెతకడానికి పెట్టే కీలక పదాల్లో ఇలాంటి మాటలకు ఇంగ్లిషు అక్షరాలే వాడుకోవాలి.

ఊరి పేర్లకూ ఇదే జాగ్రత్త కావాలి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ అయింది. అంతకుముందు తీసిన వేయిస్తంభాల గుడి ఫొటోల మీద ఒక పేరు, తర్వాతి వాటి మీద ఇంకో పేరు ఉంటుంది. హన్మకొండ, హనుమకొండ అనే రెండు రాతలు ఎలాగూ ఉన్నాయి. ఓరుగల్లు అని పెట్టుకున్నవారూ ఉన్నారు. పాత పేరు తీసేయకుండా పక్కన కొత్తది చేర్చి, కీలక పదాల గడిలో రెండింటినీ ఉంచితే ఏ పేరుతో వెతికినా ఫొటో బయటికొస్తుంది.